డ్యూటీ దిగాక మన సొంత బతుకు మీద యాజమాన్యానికి ఏపాటి హక్కు?

గోదారి గట్టు (రాజోలు)

అందరికీ నమస్కారమండి. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు కానివ్వండి, రాజమండ్రి బట్టల షాపులు కానివ్వండి, అమలాపురం వైపు ప్రైవేటు కాలేజీలు కానివ్వండి, అపాయింట్‌మెంట్ ఆర్డర్లలో పనికి సంబంధం లేని షరతులు కనిపిస్తున్నాయి. "సహోద్యోగిని పెళ్లి చేసుకుంటే ఇద్దరిలో ఒకరు రాజీనామా చేయాలి." "సంస్థ బయట కూడా సంస్థ పరువు పోయేలా ప్రవర్తించరాదు." "అడిగినప్పుడు ఫోను చూపించాలి." ఆడపిల్లల్ని ఇంటర్వ్యూలో పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని అడగడం సరేసరి. హాస్టల్లో ఉండేవాళ్లయితే ఆదివారం ఎవరితో బయటికెళ్తున్నారో పుస్తకంలో రాసి వెళ్లాలి.

సంతకం పెట్టేశాం కాబట్టి ఇవన్నీ చెల్లిపోతాయా? ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది కాగితాలు తెలిసినవాళ్లు విడమరిచి చెబితే పదిమందికి ఉపయోగం. "సర్దుకుపోవాలమ్మా" అనే సలహాలు మాత్రం వద్దండి, అవి ఇళ్లల్లో బోలెడు దొరుకుతున్నాయి.

లేబర్ ప్లీడరు (ఏలూరు)

గట్టు గారూ, సంతకం పెట్టినంత మాత్రాన ప్రతి షరతూ చెల్లదండి. అయితే ముందు ఆ ఉద్యోగి ఏ చట్టం కిందకి వస్తారో తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు కదా అని నేరుగా హైకోర్టుకెళ్లి రిట్ (ప్రాథమిక హక్కు కాపాడమనే పిటిషన్) వేస్తారు. రాజ్యాంగం 19, 21 అధికరణాల హక్కులు (మాట్లాడే స్వేచ్ఛ, జీవించే హక్కు లాంటివి) ప్రైవేటు వ్యక్తుల మీద కూడా వర్తిస్తాయని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో మెజారిటీ జడ్జీలు అన్నమాట నిజమే. అయినా ప్రైవేటు మిల్లు యజమాని మీద రిట్ వేస్తే "లేబర్ ఆఫీసుకి వెళ్లు" అనే మాటే ఎక్కువగా వినపడుతుంది. ఈలోగా పుణ్యకాలం గడిచిపోతుంది.

ఫ్యాక్టరీ అయితే చూడాల్సింది స్టాండింగ్ ఆర్డర్లు, అంటే సంస్థలో పని షరతులు, క్రమశిక్షణ నియమాలు రాసిన కాగితం. పాత 1946 చట్టంలో 100 మంది కార్మికులుంటే అవి ఉండి తీరాలి. 2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చాక ఆ సంఖ్య 300 అయింది. అంతకంటే చిన్న ప్లాంటులో ఇప్పుడు అపాయింట్‌మెంట్ ఆర్డరే ప్రధాన కాగితం. అది ఇవ్వడం కూడా కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం తప్పనిసరి. నోటిమాట మీద పనిలో పెట్టుకున్నవాళ్లు ముందు అది అడిగి తీసుకోవాలి. షాపులకైతే మన రాష్ట్ర 1988 చట్టం. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయడానికి లేదు. ప్రైవేటు స్కూళ్లకు, కాలేజీలకు 1982 విద్యా చట్టం ఉంది. 79వ సెక్షన్ కింద విచారణ జరపకుండా తొలగించకూడదు.

ఇక అసలు విషయం. డ్యూటీ బయట జరిగినదాన్ని దుష్ప్రవర్తన అనొచ్చా అన్నదాని మీద రెండు పాత తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. టాటా ఆయిల్ మిల్స్ కేసులో ఒక కార్మికుడు ఫ్యాక్టరీ బయట తోటి కార్మికుణ్ణి కొట్టాడు. గొడవకి కారణం ఫ్యాక్టరీలో పెట్టిన ఇన్సెంటివ్ బోనస్ స్కీము. పనికి సంబంధించిన గొడవే కాబట్టి డిస్మిస్ చేయడం సబబేనని సుప్రీంకోర్టు అంది. గ్లాక్సో కేసులో స్టాండింగ్ ఆర్డరులో "సంస్థ ఆవరణలో గానీ దాని సమీపంలో గానీ" అని రాసి ఉంది. "ఎక్కడ చేసినా తప్పు తప్పే" అని కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. రాసినదాన్ని రాసినట్టే చదవాలంది. 1984లో ఎ.ఎల్. కల్రా కేసులో ఇంకో మాట చెప్పింది. నియమాల్లో ఫలానాది దుష్ప్రవర్తన అని రాసి లేకపోతే, యజమాని తనకి నచ్చనిదాన్నల్లా దుష్ప్రవర్తన అనడానికి వీల్లేదు.

కాబట్టి "సంస్థ పరువు" అని గాల్లో మెమో వస్తే అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఏ నియమం? పనికి లింకేమిటి? పరువు ఎవరి ముందు, ఎలా పోయింది? మూడింటికీ కాగితం మీద జవాబు రాబట్టండి.

పాత సర్వీసు పుస్తకం (కాకినాడ)

పెళ్లి షరతు గురించి నేను చెబుతానండి. పెళ్లి చేసుకున్న ఆడవాళ్ల ఉద్యోగం తీసేసే నిబంధన ఒక మందుల కంపెనీలో ఉంటే, బాంబే లేబర్ యూనియన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి దాన్ని కొట్టేయించింది. ఇది 1960ల మధ్యలో. ప్రైవేటు కంపెనీ మీదే అన్నది గుర్తుంచుకోండి. 1979లో ముత్తమ్మ కేసులో విదేశాంగ సర్వీసు ఆడవాళ్లు పెళ్లికి అనుమతి అడగాలన్న నియమాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తప్పుపట్టారు. 1981లో నర్గేష్ మీర్జా కేసులో మొదటి గర్భానికే ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం పోయే నియమాన్ని కొట్టేశారు గానీ, చేరిన నాలుగేళ్ల లోపు పెళ్లి వద్దన్న షరతును ఉంచేశారు. కంపెనీ లాయర్లు ఇప్పటికీ ఆ ముక్క పట్టుకుని వస్తారు. అలా వచ్చినప్పుడు 2024 ఫిబ్రవరి నాటి సెలీనా జాన్ తీర్పు ముందు పెట్టండి. 1988లో పెళ్లయిందని మిలిటరీ నర్సుని తీసేస్తే, అది పచ్చి లింగ వివక్ష అని తేల్చి 60 లక్షలు ఇమ్మన్నారు.

ప్లాంట్ హెచ్‌ఆర్ (భీమవరం)

యాజమాన్యం వైపు మాట కూడా వినండి. పెళ్లి చేసుకుంటే రాజీనామా అనే షరతు తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇద్దరి మధ్య సంబంధం ఉందని సంస్థకి తెలియాల్సిన సందర్భాలు కొన్ని ఉంటాయి. పీలింగ్ షెడ్డులో కూలీ కిలోల లెక్కన కడతారు. తూకం రాసే సూపర్‌వైజరూ, ఒలిచే అమ్మాయీ దగ్గరివాళ్లయితే పక్క టేబుల్ మీద ఉన్నవాళ్లు కాటా వైపే చూస్తుంటారు. ఓవర్‌టైము వేసేవాడు, కొనుగోళ్ల బిల్లు పాస్ చేసేవాడు, క్యాష్ చూసేవాళ్లు, సెలవు మంజూరు చేసేవాళ్లు – వీళ్ల విషయంలో తెలియకపోతే నష్టం మిగతా కార్మికులకే.

దీనికి పనికొచ్చే పద్ధతి చిన్న ఫారం. అందులో ఉండాల్సినవి: ఉద్యోగి పేరు, విభాగం, "నా కింద గానీ నా పైన గానీ పనిచేసే ఫలానా వారితో నాకు దగ్గరి సంబంధం ఉంది" అన్న ఒక్క వాక్యం, తేదీ, సంతకం. అంతే. ఎప్పట్నుంచి, పెళ్లి చేసుకుంటారా, ఇంట్లో తెలుసా, ఏ కులం – ఇవేవీ అడగకూడదు. ఫారం సీల్డు కవర్లో హెచ్‌ఆర్ దగ్గరే ఉండాలి. షిఫ్టు ఇన్‌చార్జి చేతికి వెళ్లకూడదు. తర్వాత చేయాల్సింది రిపోర్టింగ్ మార్చడం, లేదా తూకం బాధ్యత వేరేవాళ్లకి అప్పగించడం.

ఇది చెడిపోయేది రెండుచోట్ల. ఒకటి, ఫారం ఇచ్చిన సాయంత్రానికే క్యాంటీన్‌లో అందరికీ తెలిసిపోతుంది. ఇంకెవరూ ఇవ్వరు. రెండోది, బదిలీ వచ్చేసరికి ప్రతిసారీ ఆడమనిషినే మార్చడం. పై పదవిలో ఉన్నవాళ్లే మారాలి, ఎందుకంటే అధికారం వాళ్ల చేతిలో ఉంది.

రొయ్యల షెడ్డు యూనియన్ (నరసాపురం)

హెచ్‌ఆర్ గారు చెప్పిన ఫారం బాగానే ఉందండి, అది నిజంగా సీల్డు కవర్లో ఉంటే. షెడ్లలో మామూలుగా జరిగేది వేరు. ఇద్దరు మాట్లాడుకుంటున్నారని తెలియగానే సూపర్‌వైజరు ముందు చేసే పని అమ్మాయి ఇంటికి ఫోను చేయడం. "మీ అమ్మాయి సంగతి చూసుకోండి" అంటాడు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి గురించి ఆమె అనుమతి లేకుండా తండ్రికో, భర్తకో, ఊరి పెద్దకో ఫోను చేసే హక్కు ఏ స్టాండింగ్ ఆర్డరూ ఇవ్వలేదు. ఆ ఒక్క ఫోనుతో ఆ పిల్ల చదువో, ఉద్యోగమో, ఒక్కోసారి ప్రాణమో పోతుంది. అపాయింట్‌మెంట్ అప్పుడు రాయించుకున్న "అత్యవసర ఫోను నంబరు" ప్రమాదం జరిగినప్పుడు వాడటానికి. చాడీలు చెప్పడానికి కాదు.

"ఇంట్లో చెప్పేస్తా, లేకపోతే నా మాట విను" అనే బాపతు ఉంటారు. అది ప్రేమ వ్యవహారాల గొడవ కాదు, లైంగిక వేధింపు. 2013 చట్టం కిందకి వస్తుంది. పదిమంది, అంతకు పైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సగానికి తక్కువ కాకుండా మహిళలు, బయటి నుంచి ఒకరు. కమిటీ పెట్టకపోతే 50 వేల దాకా జరిమానా. ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణకి 90 రోజులు. సంస్థ ఏర్పాటు చేసిన బస్సులో జరిగినా పనిచోట జరిగినట్టే. పదిమంది కంటే తక్కువ ఉన్న షెడ్డయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా లోకల్ కమిటీకి వెళ్లాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి రాజోలు, అమలాపురం వాళ్లు అమలాపురం కలెక్టరేటుకి, నరసాపురం, పాలకొల్లు వాళ్లు భీమవరానికి వెళ్లాలి. పాత అలవాటు కొద్దీ కాకినాడ, ఏలూరు తిరిగితే మూడు నెలల గడువులో కొంత దారిలోనే పోతుంది.

ఇంకో సంగతి. రాత్రి షిఫ్టుకి "తండ్రి లేదా భర్త సంతకం" అడుగుతున్నారు. కొత్త కార్మిక కోడ్ అడిగింది ఆ మహిళ సమ్మతి. ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు.

కొబ్బరాకు (అంబాజీపేట)

ఇద్దరికీ ఇష్టమైన సంబంధం మీద ఎవరో మూడోవాళ్లు ఆ కమిటీకి ఫిర్యాదు ఇస్తే?

రొయ్యల షెడ్డు యూనియన్ (నరసాపురం)

చెల్లదండి. ఆ చట్టంలో వేధింపు అంటే అవతలి మనిషికి ఇష్టం లేనిది. ఇద్దరి ఇష్టంతో ఉన్నదాన్ని ఆపడానికి ఆ కమిటీ పెట్టలేదు. పేర్లు బయటపెట్టడం కూడా 16వ సెక్షన్ కింద నిషిద్ధం. ఒకటి మాత్రం మరిచిపోకూడదు. ఇంటర్ కాలేజీలో లెక్చరర్, విద్యార్థిని విషయం దీనితో కలపొద్దు. పద్దెనిమిది నిండకపోతే ఇష్టం అన్న మాటే ఉండదు, అది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కిందకి వస్తుంది. నిండినా సరే, విద్యార్థితో సంబంధం గురువు వృత్తికి నేరుగా లింకున్న విషయం. అక్కడ గోప్యత వాదం నిలవదు.

సచివాలయం మెట్లు (తణుకు)

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు 1964 ప్రవర్తనా నియమావళి ఉంది, పరిధి చాలా పెద్దది. "ప్రభుత్వోద్యోగికి తగని ప్రవర్తన" అన్న ఒక్క మాటతో ఏదైనా పెట్టేయొచ్చు అనుకుంటారు పై అధికారులు. మొదటి భార్య ఉండగా రెండో పెళ్లి మాత్రం నిస్సందేహంగా దుష్ప్రవర్తనే. 2015లో ఖుర్షీద్ అహ్మద్ ఖాన్ కేసులో, మతం అనుమతించినా నియమం నియమమేనని సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి బయట సంబంధం అలా కాదు. 2018 సెప్టెంబర్ 27న జోసెఫ్ షైన్ తీర్పుతో, దాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షన్ పోయింది, ఐపీసీ బదులు వచ్చిన కొత్త న్యాయసంహితలో మళ్లీ పెట్టలేదు. 2022లో గుజరాత్ హైకోర్టు ఒక కానిస్టేబుల్ డిస్మిస్‌ని కొట్టేసింది. పరస్పర ఇష్టంతో సాగిన సంబంధం సమాజం దృష్టిలో అనైతికం కావచ్చు, కానీ అది అతని సొంత వ్యవహారం, ఆ నియమాల కింద దుష్ప్రవర్తన కాదంది.

లేబర్ ప్లీడరు (ఏలూరు)

మెట్లు గారు చెప్పింది సరైనదే, కానీ అన్ని హైకోర్టులూ ఒకే మాట మీద లేవండి. పోలీసు లాంటి యూనిఫాం సర్వీసుల్లో జాగ్రత్త. సైన్యానికైతే జోసెఫ్ షైన్ తీర్పు అడ్డు రాదని 2023 జనవరిలో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. పైగా పెళ్లయిన స్త్రీని దురుద్దేశంతో తీసుకెళ్లడం అనే నేరం న్యాయసంహిత 84వ సెక్షన్‌లో అలాగే ఉంది. అవతలి భర్త పెట్టే కేసు తరచు ఆ సెక్షన్ కిందే వస్తుంది.

భార్యో, భర్తో ఆఫీసుకొచ్చి ఫిర్యాదు ఇస్తే ఏం చేయాలన్నది హెచ్‌ఆర్‌లు ఎక్కువగా అడిగే ప్రశ్న. తీసుకున్నట్టు రసీదు ఇవ్వండి. ఇది కుటుంబ వివాదం, తగిన వేదిక కుటుంబ న్యాయస్థానం అని రాతపూర్వకంగా చెప్పండి. ఆఫీసులో పంచాయితీ పెట్టి ఇద్దర్నీ కూర్చోబెట్టొద్దు. జీతం వివరాలు కోర్టు అడిగితే ఇవ్వండి, అంతకుముందు కాదు. ప్రభుత్వ ఉద్యోగి మెమోలు, ఆస్తుల రిటర్నులు ఆర్టీఐ కింద లాగబోతే, అవి వ్యక్తిగత సమాచారమని 2012 గిరీష్ దేశ్‌పాండే తీర్పు ఉంది.

కొబ్బరాకు (అంబాజీపేట)

సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర నిలబడ్డ ఫొటో ఫేస్‌బుక్‌లో పడితే మెమో ఇస్తున్నారండి. అది కూడా డ్యూటీ బయటిదే కదా?

సచివాలయం మెట్లు (తణుకు)

కోడిపందెం 1960 జంతుహింస నిరోధక చట్టం కింద, డబ్బు కాస్తే 1974 ఏపీ గేమింగ్ చట్టం కింద నేరం. ప్రైవేటు ప్లాంటు కార్మికుడి విషయంలో ఆ ఫొటోకీ, ఫ్యాక్టరీ పనికీ లింకు లేదు. అయితే ఒంట్లో బాగాలేదని సిక్ లీవు పెట్టి ఆ రోజే బరిలో ఉంటే, ఛార్జి అబద్ధపు సెలవు మీద వస్తుంది. అది నిలుస్తుంది కూడా. కాజువల్ లీవు పెట్టుకుని వెళ్లినవాడికి ఆ బాధ లేదు. ప్రభుత్వ ఉద్యోగికి వేరే లెక్క. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్కిస్తారు. రాజకీయ సభకి వెళ్లి వినడం, అందులో పాల్గొనడం కూడా ఒకటి కాదని 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు లిపికా పాల్ కేసులో చెప్పింది.

కేబుల్ రూము (పాలకొల్లు)

ఫోన్ల దగ్గరికొద్దాం. ప్రాసెసింగ్ హాల్లోకి ఫోను తీసుకెళ్లొద్దనడం ఆహార భద్రత నియమం, అది న్యాయమే. లాకరులో పెట్టమనొచ్చు. తెరిచి చూపించమనడం వేరు. సొంత ఫోను, సొంత సిమ్ము అయితే వాట్సాప్ మెసేజ్‌లు చూసే హక్కు యాజమాన్యానికి లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డరులో "చూపించాలి" అని ఉన్నా, నిరాకరించినందుకు ఇవ్వగలిగింది మెమోనే గానీ బలవంతంగా లాక్కుని వేలిముద్ర పెట్టించడం కాదు. అనుమతి లేకుండా ఫోను తెరిచి కాపీ చేసుకుంటే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు, ఇంకొకరి పాస్‌వర్డు గానీ ఓటీపీ గానీ వాడితే 66సి. మూడేళ్ల దాకా జైలు.

ఎక్కువ రహస్యాలు బయటపడేది ఇలా లాక్కోవడం వల్ల కాదండి. ఆఫీసు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి అలాగే వదిలేస్తారు. రాత్రి షిఫ్టువాళ్లు వచ్చి స్క్రీన్‌షాట్లు తీస్తారు. ఫోనులో వాట్సాప్ సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైసెస్" తెరవండి. మీకు తెలియని కంప్యూటరు కనిపిస్తే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. నొక్కేముందు ఆ తెర ఫొటో తీసుకోండి. చివరిసారి వాడిన సమయం అందులో కనిపిస్తుంది, రేపు ఎవరి షిఫ్టులో జరిగిందో చెప్పేది అదే. కంపెనీ ఇచ్చిన ఫోనులో, కంపెనీ మెయిల్లో సొంత సంభాషణలు పెట్టకండి. వాటిని చూసుకునే హక్కు సంస్థకి చాలావరకు ఉంటుంది.

డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కానీ యజమానుల మీద పడే ముఖ్య బాధ్యతలకి 18 నెలల గడువుంది. అంటే 2027 మే. అందాకా ఐటీ చట్టంలోని పాత 43ఎ సెక్షన్, దాని కింది 2011 నియమాలే. వాటిలో లైంగిక ధోరణి, వైద్య వివరాలు, వేలిముద్రలు సున్నితమైన సమాచారం కిందకి వస్తాయి. అది లీకై నష్టం జరిగితే పరిహారం అడగాల్సింది రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గర, ఇలాంటి పరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసరు ఆయనే. ఈ దారి చాలామంది లాయర్లు కూడా వాడటం లేదు.

సీసీ కెమెరా షెడ్డులో ఉండొచ్చు, గేటు దగ్గర ఉండొచ్చు. గమ్‌బూట్లు, ఏప్రాన్లు మార్చుకునే గదిలో ఉంటే అది న్యాయసంహిత 77వ సెక్షన్ నేరం. మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్లు.

ప్లాంట్ హెచ్‌ఆర్ (భీమవరం)

కేబుల్ రూము గారి మాటకి ఒకటి కలుపుతాను. చేరేటప్పుడు చేసే వైద్య పరీక్షలో ఆహారం ముట్టుకునేవాళ్లకి చర్మం, కళ్లు, అంటువ్యాధులు, టైఫాయిడ్ టీకా చూడటం ఆహార భద్రత నియమాల ప్రకారం అవసరం. దాన్ని అడ్డం పెట్టుకుని గర్భ పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష కలిపేస్తారు. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడం 2017 చట్టం నిషేధించింది. ఒకవేళ తెలిసినా ఆ మనిషి అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. గర్భం అన్నది ప్రసూతి చట్టం మాట, అదిప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే సెలవుకి హక్కు. పెళ్లయిందా అని ఆ చట్టం ఎక్కడా అడగదు. ల్యాబ్‌కి పంపే చీటీ మీద పరీక్షల పేర్లు చదివి, సంబంధం లేనివి కొట్టేసి సంతకం పెట్టండి.

గోదారి గట్టు (రాజోలు)

కులాంతరం, మతాంతరం పెళ్లి చేసుకునేవాళ్ల సంగతి కూడా చెప్పండి. ఆఫీసుకి ఎప్పుడు చెప్పాలి?

పాత సర్వీసు పుస్తకం (కాకినాడ)

చెప్పి తీరాలన్న నియమం ప్రైవేటులో లేదండి. ఇద్దరూ హిందువులైతే హిందూ వివాహ చట్టం కింద చేసుకోవచ్చు, ముందస్తు నోటీసు లేదు. మతాంతరమైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివాసం ఉండాలి. నోటీసు రిజిస్ట్రారు ఆఫీసు గోడ మీద పెడతారు. 30 రోజులు ఆగాక, ముగ్గురు సాక్షులతో పెళ్లి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పూర్తి కావాలి, లేకపోతే మళ్లీ మొదటికి. రెండోవాళ్ల శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు కాపీ అక్కడికీ వెళ్తుంది. ఇంట్లోవాళ్లకీ, ఆఫీసువాళ్లకీ తెలిసేది ఈ గోడ దగ్గరే. చిరునామా రుజువుగా ఆధారో, అద్దె ఒప్పందమో ఇవ్వండి, కంపెనీ లెటరు తీసుకోకండి. ప్రమాదం ఉందనిపిస్తే నోటీసు వేసే రోజే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా రక్షణ కోరండి. 2018 మార్చి 27 నాటి శక్తివాహిని తీర్పు ఎస్పీల మీద ఆ బాధ్యత పెట్టింది.

పెళ్లయ్యాక పీఎఫ్ నామినేషన్ మళ్లీ వేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఈపీఎఫ్‌వో పోర్టల్లో ఈ-నామినేషన్ ఉద్యోగే ఆధార్‌తో వేసుకోవచ్చు, యజమాని ఆమోదం అక్కర్లేదు.

లేబర్ ప్లీడరు (ఏలూరు)

మెమో వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పేస్తాను. తీసుకోవడం మానొద్దు. తీసుకుని, అందిన తేదీ, సమయం వేసి సంతకం పెట్టండి. మొదటి జవాబులో సంబంధం ఉందనీ, లేదనీ రాయకండి. చాలామంది భయంలో పేజీల కొద్దీ సంజాయిషీ రాస్తారు. ఆ కాగితమే రేపు ఒప్పుకోలు అవుతుంది. ఇలా రాస్తే చాలు: "తమరు ఉదహరించిన విషయం నా వ్యక్తిగత జీవితానికి సంబంధించినది. ఏ నియమం ఉల్లంఘించానో, నా విధులకు దానితో గల సంబంధమేమిటో, ఆధారాలుగా తీసుకున్న పత్రాలేమిటో తెలిపితే వివరణ ఇవ్వగలను." కింద తేదీ, సంతకం. ఆఫీసులో ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం మీది కాకపోతే తర్వాత ముప్పావు జీతం రావాలి.

అన్నిటికంటే ప్రమాదం బలవంతపు రాజీనామా. తలుపు మూసి, "పరువుగా వెళ్లిపో" అని తెల్ల కాగితం ఇస్తారు. రాయించుకున్నా అదే రోజు, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే, ఒత్తిడితో రాసినందున ఉపసంహరించుకుంటున్నానని మెయిలు, పోస్టు రెండూ పంపండి. వారం గడిస్తే నమ్మించడం కష్టం. తీసేస్తే కన్సిలియేషన్ అధికారి (రాజీ కుదిర్చే లేబర్ అధికారి) దగ్గరికి రెండేళ్ల లోపు వెళ్లాలి, పాత మూడేళ్ల గడువు లేదు. 20 మంది, అంతకు పైన ఉన్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఏడాది లోపు అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. సూపర్‌వైజరై నెలకి 18 వేలు దాటి జీతం ఉంటే కోడ్ ప్రకారం కార్మికుడు కాదు. వాళ్లు సివిల్ కోర్టు దారి చూడాలి.

కొబ్బరాకు (అంబాజీపేట)

ఇలాంటి కారణంతో తీసేసి గ్రాట్యుటీ కూడా ఆపేస్తామంటే?

లేబర్ ప్లీడరు (ఏలూరు)

నైతిక పతనం పేరుతో గ్రాట్యుటీ ఆపాలంటే ఆ పని నేరమై ఉండాలి, పైగా ఉద్యోగ నిర్వహణలో చేసినదై ఉండాలి. కోర్టులో శిక్ష పడనక్కర్లేదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్నది కాబట్టి యాజమాన్యాలకి కొంత ధైర్యం వచ్చింది. అయినా ఆ రెండో షరతు అలాగే ఉంది. ఇద్దరు మేజర్ల సంబంధం నేరమే కాదు, డ్యూటీ బయటిది ఉద్యోగ నిర్వహణా కాదు. గ్రాట్యుటీ వివాదాలు తేల్చే కంట్రోలింగ్ అథారిటీ దగ్గర దరఖాస్తు వేస్తే వడ్డీతో వస్తుంది.

రొయ్యల షెడ్డు యూనియన్ (నరసాపురం)

లాయరు ఫీజుకి భయపడి ఆగేవాళ్ల కోసం: మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టం 12వ సెక్షన్. ఎస్సీ, ఎస్టీలకీ, కార్మికులకీ కూడా ఉంది. 15100కి ఫోను చేయండి, లేదా కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీ ఆఫీసులో అడగండి. అపాయింట్‌మెంట్ ఆర్డరు, మెమో, జవాబు కాపీ, చివరి మూడు జీతం చీటీలు పట్టుకెళ్లండి. జీతం చీటీ ఇవ్వని చోట బ్యాంకు స్టేట్‌మెంటు, ఈఎస్‌ఐ కార్డు పట్టుకెళ్లినా సరిపోతుంది.